గొర్రెలకు వేయించి అవ్వకు వద్దన్న టీకా

మా అవ్వ హనుమమ్మకు కోవిడ్ టీకా పడకుండా అడ్డుకున్నది నేను. తప్పు నాది, ఇంకెవరిదీ కాదు. సోమందేపల్లి మండలంలో గొర్రెలు మేపుకునే లక్ష్మన్న కొడుకు శివప్రసాద్ అనే నేను, వయసు ఇరవై నాలుగు, హిందూపురం ఆసుపత్రి మంచం మీద, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో, తెలివి ఉండగానే, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. గోడకు అవతల ఆడవాళ్ళ వార్డులో, ఇదే కోవిడ్‌తో, అవ్వ ఉంది. లేచి వెళ్ళి చూసే శక్తి నాకు లేదు.

1. నా వంతు గొర్రెలు పదకొండూ అవ్వకే. పోయిన వానలకు ముందు వాటన్నిటికీ రోగం రాకుండా దగ్గరుండి సూదులు వేయించాను. ఆ రోజు అవ్వ అడిగింది: "ఏమిరా అప్పా, గొర్రెకు మంచిదైన సూది నాకు చెడ్డదెట్లాయె? గొర్రె పాటి చెయ్యనా నేను?" "నీకు తెలీదు, గమ్మునుండవ్వా" అన్నాను. కరపత్రాలు చదివింది నేను కదా! అవ్వ ఇంటికి రాకపోతే గొర్రెలు నాయనకు.

2. నర్సమ్మ భాగ్యశ్రీకి నా బండి. హైవే మీద బస్సు దిగి, ఎండలో నడిచి, టీకా వేయడానికి నాలుగుసార్లు వచ్చింది. "మా ముసలోళ్ళ మీద ప్రయోగాలా?" అని గడపలోంచే తరిమాను, పేర్ల కాగితం చించాను. "మల్లా వస్తాలేప్పా" అని పోయింది. బ్రేకు బాగు చేయించి ఇవ్వాలి.

3. పెనుకొండలో అచ్చు వేయించిన "టీకా వద్దు" కరపత్రాలు రెండు కట్టలు నా పెట్టెలో ఉన్నాయి. పొయ్యిలో పెట్టండి. కంపెనీలు లాభం కోసమే పని చేస్తాయని ఇప్పటికీ అంటాను. కానీ ఆ కోపమంతా అవ్వ ఊపిరి మీద చూపించాను.

4. ధర్మవరం రంగప్ప తాతకు నా కంబళి. డెబ్బై ఆరేళ్ళు, చక్కెర జబ్బు, రెండు డోసులూ వేసుకున్న మనిషి. నా పక్క మంచంలో రెండు రోజులు ఆక్సిజన్ పెట్టుకుని, ఐదో రోజు నడిచి పోయాడు. "నీ కంటే ముసలోన్ని, నీ కంటే ముందు పోతాండా సూడు, ఇంటికి!" అని నవ్వాడు. అవ్వ ఆయన కంటే ఏడేళ్ళు చిన్న. టీకా పడి ఉంటే తనూ అట్లే ఇంటికి పోయేదా అని డాక్టరును అడిగాను. "ఒక్కరి సంగతి చెప్పలేమప్పా. వేసుకున్న ముసలోళ్ళు మాత్రం ఎక్కువమంది ఇంటికి పోతాండారు" అన్నాడు.

5. పెదనాయన కొడుకు మంజునాథ్‌కు ఏమీ లేదు. వాళ్ళమ్మకు గుట్టుగా టీకా వేయించి, టీకా వద్దని నేను పెట్టిన మీటింగులో ముందు కూర్చుని చప్పట్లు కొట్టాడు.

దీన్ని అమలు చేయవలసింది మా అక్క వనిత.

29 జనవరి 2022, హిందూపురం
(సంతకం) శివప్రసాద్
సాక్షులు: సంతోష్, చంద్రమోహన్

సాక్షులు సంతకాలు చేశాక తెలిసింది: అవ్వను వెంటిలేటర్ గదికి మార్చారు. మా ఊళ్ళో నా మాట విని ఆగిన ముసలివాళ్ళు ఇంకా పద్దెనిమిది మంది. సోమవారం ఉదయం పది గంటలకు భాగ్యశ్రీ టీకాలు తీసుకుని బడి దగ్గరికి వస్తుంది. అందరూ రండి.