ఉల్లిపాయల వరసలో కొత్త మనిషి

మంగళవారం.

పూర్ణా మార్కెట్లో మా ఉల్లిపాయల వరసంతా ఒకటే రేటు. పక్క కొట్టు నరసమ్మకు బోణీ కాకపోతే నా దగ్గరికొచ్చిన బేరాన్ని అటే పంపుతాను. బజార్ల మీద పరిశోధన చేస్తున్నానంటూ ఈ రోజు ఒక అమ్మాయి వస్తే అదే గొప్పగా చెప్పాను.

"మీలో మీకు న్యాయమే తాతగారూ. మరి కొనేవాళ్లకి?" అంది.

"ఆళ్లకేటి లోటమ్మా? తూకంలో మోసం సెయ్యం."

పాయలు ఏరుతున్న కంచరపాలెం పైడమ్మ పకపకా నవ్వింది. "లోటు కాదేటి మావా? మీరందరూ ఒకటైపోనారు, నానెవరితో బేరమాడాల? ఎదర కొత్తగా కూకున్నోడే తగ్గించి ఇత్తన్నాడు."

ఒళ్లు మండింది.

వాడు అలాగే అమ్మితే మొగుడు పోయిన నరసమ్మ కొట్టు ఎత్తేయాలి. అమ్మనివ్వకపోతే పైడమ్మ కూరలో ఉల్లిపాయ తగ్గుతుంది. ఏది న్యాయమని ఆ అమ్మాయినే అడిగాను. "మేమూ అదే వెతుకుతున్నాం తాతగారూ" అంది. ఇంకెందుకా చదువు!

రేపు పొద్దున్నే అందరం వెళ్లి వాడిని ఖాళీ చేయించాలనుకున్నాం. పెద్దవాడినని నన్నే మాట్లాడమన్నారు. వాడెదురుగా నిలబడి మొదటి మాట ఏమనాలో తెలియడం లేదు.