గుమ్మం దగ్గరి బల్ల

వార్నా, ఆదివారం

దనీలో బావగారికి నమస్కారాలు.

ఇక్కడ, ఈ పరాయి దేశంలో అందరం బాగానే ఉన్నాం. నిన్న సముద్రానికి వెళ్లాం. బస్సులో రెండు స్టాపులే. అయినా బయల్దేరేముందు మీ తమ్ముడు మమ్మల్ని గుమ్మం దగ్గరి బల్ల మీద కూర్చోబెట్టి, కాసేపు మాట్లాడొద్దన్నారు. దూరప్రయాణానికే కదా మన ఇళ్లలో అలా కూర్చునేది!

"నాన్నా, మనం వెళ్లేది ఈతకా, చంద్రుడి మీదికా?" అని మా సోల్యా ఒకటే నవ్వు. ఆయన నవ్వలేదు.

ఒడ్డుకు చేరాక మాత్రం తెగ హుషారు. పుచ్చకాయ కోశారు, పిల్లకి ఈత నేర్పారు. "ఇంక నేను పట్టుకోను, నువ్వే తేలాలి" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు.

నిజం చెప్పండి బావగారూ. మీతో కలిసి యుద్ధం చెయ్యడానికి అక్కడికి రమ్మని మీరేమైనా కబురుపెట్టారా?

ఇవాళ పొద్దున రొట్టె తెస్తానని లేచి, మళ్లీ ఆ బల్ల మీదే కూర్చున్నారు. రొట్టెల కొట్టు మా మెట్ల కిందే ఉంది. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. రాసేదంతా చూస్తున్నారు, కాదనడం లేదు.

అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి. కుడిచేత్తో ఆయన్ని పట్టుకుని ఉన్నాను.

మీ మరదలు