ఇదిగో

కంభం, 1958

గిద్దలూరులోని మామగారికి మీ అల్లుడు నమస్కారం చేసి రాసుకునేది.

మీ అమ్మాయిని నేను సైకిలు మీంచి పడదోసి పోయినానని ఎవరో మీ దుకాణంలో చెప్పినారంట. సైకిలు అమ్మేదాకా మా గడప తొక్కనని రాసినారు. జరిగింది చెప్తాను, ఆ పైన మీ ఇష్టం.

ఆ ఆదివారం పాపను ముందు కడ్డీ మీద, మీ అమ్మాయిని వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకొని చెరువుకట్ట మీద షికారు పోతా ఉన్నాం. సైకిలు గుంతలో పడి ఎగిరేసరికి ఆమె జారి కింద పడింది. మొగుని పేరు పలకగూడదని పెంచినారు కదా, "ఇదిగో, ఇదిగో" అని అరిచింది. నీళ్లల్లో కొంగల్ని చూపిస్తా ఉందనుకొని, "చూసినాలే, బాగుండాయి" అని నేను తొక్కుకుంటా పోయినాను. మోకాలు గీరుకుపోయింది. ఇప్పుడు మానింది.

అప్పట్నుంచి సైకిలెక్కితే పేరు పెట్టి పిలవమని నేనే చెప్పినాను, ఆమెనేమీ అనవద్దు. నిన్న కట్ట మీద చెప్పు జారిపోతే పిలిచింది. పెండ్లయినాక మొదటిసారి విన్నాను మామా. ఇంకోసారి పిలుస్తుందని వినబడనట్ల తొక్కినాను.

సైకిలు అమ్మమని మాత్రం అనవద్దు. ఇంట్లో నేనింకా ఇదిగోనే.

మీ అల్లుడు