గోడలో పాము లేచింది

అమ్మా, అత్తవారింట్లో నేను బాగానే ఉన్నాను, బెంగ పడకు.

పాములు నిద్ర లేచే బ్లాగోవెత్స్ పండుగ పొద్దున, మన ఊళ్ళో చేసినట్టే వెంట తెచ్చుకున్న రాగి పళ్ళెం గరిటెతో వాయిస్తూ "పాములూ, పొండి!" అని ఇల్లంతా తిరిగాను. అత్త నేదా పరుగున వచ్చి గరిటె లాక్కుంది. "నీ మోత తగలెయ్యా! ఇంటిని కాచే దాన్నే తరిమేస్తావా?" అంది. వీళ్ళ పునాది గోడలో ఒక పాము చలికాలమంతా పడుకుంటుందట. అది వెళ్ళిపోతే ఇంటికే అరిష్టమట. ఆ రోజు నుంచి అత్త నాతో మాట్లాడలేదు.

ఇవాళ ఎండకు రాళ్ళు వేడెక్కాయి. పాము కోసం అత్తా నేనూ గోడ ఎదురుగా కూర్చున్నాం. ముందు మట్టి అంటిన తల బయటికి వచ్చింది. సగం ఒళ్ళు లోపలే ఉంచి, నాలుక ఆడిస్తూ చాలాసేపు ఎండలో పడుకుంది. నేను కదిలేసరికి తల వెనక్కి తీసుకుంది.

"బెదరకు తల్లీ," అంది అత్త, నాతో కాదు, పాముతో. "మన కోడలే. కాస్త గోల మనిషి, అంతే."

తమ్ముడు మిత్యోకి దగ్గు తగ్గిందా? నా ఉన్ని మేజోళ్ళు పంపు. పళ్ళెం సొట్టపడిన సంగతి నాన్నకు చెప్పకు. వచ్చే ఏడు మీరు వాయించేటప్పుడు మన పునాది దగ్గర కాస్త మెల్లగా వాయించండి. మనకూ ఒకటి ఉందేమో.

అందరికీ దండాలు.
నీ ద్రాగాన