ఫాస్టినా బిళ్ళ

1934 ఫిబ్రవరి 11, బిలాస్‌పూర్

అమ్మ సంబంధం ఖాయం చేసేసింది. పిల్ల పేరు పైడమ్మ. ఖరగ్‌పూర్ లోకో షెడ్ ఫిట్టర్ కూతురు. నా పెళ్ళాం కనకం కలరాతో పోయి ఏడు నెలలు. నాకొద్దన్నాను. నీకు వండి ఎట్టేదెవల్రా, నా మోకాళ్ళు సూసినావేటి అంది. డ్యూటీకి పోయాను.

కనకం ఫొటో ఒక్కటీ లేదు. ఆమె మొహం నా తలలో ఉన్నదే. అదైనా నిలిస్తే చాలు.

ఫిబ్రవరి 18

రెండో పెళ్ళి కాబట్టి బిళ్ళ కావాలట. పోయిన భార్య మొహం వెండి మీద కొట్టించి కొత్త పెళ్ళాం మెళ్ళో వెయ్యాలి. లేకపోతే పోయినామె ఊరుకోదు. గోల్ బజార్ కంసాలి, ఇక్కడివాళ్ళు సోనార్ అంటారు, అతని దగ్గరికి వెళ్ళాను. అతని దగ్గర ఒకటే అచ్చు. రెండు చుక్కలు కళ్ళు, ఒక గీత నోరు. చచ్చిపోయిన పెళ్ళాలందరికీ అదే మొహం! కనకాన్ని ఆ బొమ్మ చెయ్యడానికి మనసొప్పలేదు. అతన్ని నాలుగు తిట్టి వచ్చేశాను.

ఫిబ్రవరి 19, డ్యూటీ దిగాక

సిగరెట్ డబ్బా తీశాను. అందులో నా రోమన్ రాణులు. పద్దెనిమిది వందల ఏళ్ళ నాటి వెండి నాణేలు, కలకత్తా డీలర్ దగ్గర ఒక్కొక్కటే తెప్పించుకున్నవి. చక్రవర్తులు నాకక్కర్లేదు. మొగ మొహాలు పార్సిల్ ఆఫీసులో కావలసినన్ని చూస్తున్నాను. సబీనా, లూసిల్లా, అలల జుట్టు జూలియా డొమ్నా. నా సవతుల్ని అవతలకి జరపండి, కంచం ఎట్టాలి అనేది కనకం.

ఫాస్టినా దగ్గర చెయ్యి ఆగింది. ఆమె పోయాక మొగుడు చక్రవర్తి వేయించిన నాణెం. దేవత అని పేరు పక్కన రాయించాడు. పెళ్ళాం పోయినవాడు చేయించినదే, నాకు ఇంతకన్నా తగినదేముంది? పైగా నల్లబడిపోయింది. ఆ నలుపులో ఎవరినైనా చూసుకోవచ్చు.

ఫిబ్రవరి 20

సోనార్ రింగు అతికించి ఇచ్చాడు. నన్నడక్కుండా చింతపండు పెట్టి తోమేశాడు కూడా. తళతళలాడుతోంది. ముక్కు కొనదేరి బయటపడింది.

మార్చి 4

పెళ్ళయింది. బిళ్ళని పసుపునీళ్ళతో కడిగి, బొట్టు పెట్టి, పైడమ్మ మెళ్ళో వేశారు. అమ్మ చూసి బావురుమంది. అచ్చం నా కోడలే, ఆ ముక్కు సూడండర్రా అంది. కనకానిది చప్పిడి ముక్కు. నాకు నవ్వొచ్చింది.

మార్చి 9

పక్క క్వార్టర్ అసిరమ్మ కూడా అదే మాట. కాదు, ఆ ముక్కు కాదు అన్నాను. ఏడేళ్ళు కొళాయి కాడ నాను సూడనేదేటి బాబూ అంది. నవ్వు రాలేదు.

మార్చి 15

పైడమ్మ మంచి పిల్ల. కొత్త చీర బిళ్ళకి తాకించిగానీ కట్టదు. ఇవాళ అడిగింది, అక్క కొప్పు ఇలాగే నడినెత్తిన ఎట్టేదాండీ అని. లేదు, మెడ మీద ముడి అన్నాను. పూలు ఏ పక్క ఎట్టేదండీ అంది. ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

ఏప్రిల్ 2

కనకం తల్లి విజయనగరం నుంచి వస్తోంది. కన్నతల్లే ఆ ముక్కు కాదంటే అందరి నోళ్ళూ మూతపడతాయి. ఆవిడలో కనకం పోలికైనా ఉంటుంది. ఒక్కసారి చూసుకుంటే చాలు.

ఏప్రిల్ 6

అత్తగారు రైలు దిగారు. దిగులుతో చిక్కి ఎముకల గూడైపోయారు. ఆ మొహంలో ఎవరి పోలికా లేదు.

ఇంట్లోకి వస్తూనే పైడమ్మ మెళ్ళో బిళ్ళ పట్టుకుని చూశారు. చాలాసేపు. కాదనండి, కాదనండి అని లోపల మొక్కుకున్నాను. బిళ్ళని కళ్ళకద్దుకున్నారు. నా తల్లే, నా కనకమే, ఆ ముక్కు నేనెరగనేటి అని పైడమ్మని పట్టుకుని ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఇంకెవరిని అడగాలి?

ఏప్రిల్ 7

అది రోము రాణి అని చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. ఆవిడ బిళ్ళ ముందు అరటిపండు పెట్టి కబుర్లు చెబుతున్నారు. మానేశాను.

ఏప్రిల్ 19

డబ్బా మూత తియ్యడం లేదు.

మే 3, మధ్యాహ్నం

నైట్ డ్యూటీ దిగి పడుకున్నాను. కనకం కలలోకి వచ్చింది. నడినెత్తిన కొప్పు. నాణెం మీదలాగే పక్కకి తిరిగి నిలబడింది. పిలిచాను. నా వైపు తిరగలేదు.