మోల్డు ఏసిన దినం

బుధవారం, వర్తూరు (బెంగళూరు)

ఈ ఊరోళ్లకి, కూలికి వచ్చిన మేం ఎప్పుటికీ కూలోళ్లమే. సొంత మిద్దె కట్టుకున్నా కూలోళ్లమే. ఈ మంట నాకి శానా ఏండ్లుగా ఉండాది. ఈపొద్దు ఇంకా ఎక్కువాయ.

మా మింద చిన్న సినిమా తీసిన స్వాతి పాప పొద్దున వచ్చి ల్యాప్‌టాప్‌లో చూపించింది. అంతా టార్పాలిన్ గుడిసె, ఇసక గంప, నా పెండ్లాం గంగమ్మ ఏడ్చేది. మేం గుడిసె ఇడిసి ఎన్నాళ్లాయ! సినిమాలో ఉండేది వేరే సైటు గుడిసె. ఆ పాప "ఊరికే నిలబడు తాతా" అంటే దాని ముందర నిలబడితిమి.

"మా మిద్దెకి మోల్డు ఏసిన దినం ముచ్చట యాడ పాపా?" అంటి.

మిద్దె పైకప్పుకి కాంక్రీటు పోసి మోల్డు ఏసిన దినం కూలోళ్లకి కోడికూర పెట్టేది ఇంటోళ్లు. ఎందరి మిద్దెల కాడనో తినింది గంగమ్మ. మా మిద్దె మోల్డు దినం తానే పెట్టింది. "ఈపొద్దు నేనే ఓనరమ్మని, అడిగి ఏసుకోండప్పా" అనింది. అది చెప్తా కెమెరా ముందర ఎంత నవ్విందో.

"బాగుంది తాతా, కానీ మూడ్ పోతుందని తీసేశా. జనం కదలాలి కదా."

"జనం కదిలేకి నా పెండ్లాం ఏడ్చల్లా?"

గంగమ్మ లోపలికి పోయి గోడ పక్కకి తిరిగి పడుకునింది. సంగటి ముట్టలా. నేను కుచ్చోలేక, నిద్ర పట్టక రాస్తా ఉండా.

ఆదివారం ఆ సినిమా మా వీధిలోనే అందరికీ చూపిస్తారంట. రేపే ఆ పాపకి ఫోన్ చేసి అడుగుతా. మేం ఉండేది ఉండేట్టు చూపిస్తావా, లేదా మా మొకాలు తీసేస్తావా? శనివారం పొద్దు గూకే లోపల చెప్పల్ల.