బావ విమానం తప్పిన ఆదివారం

బొంబాయి,
సోమవారం.

బాన్సువాడలో ఉన్న గంగామణి అక్కకు నీ తమ్ముడు సాయిలు దండం పెట్టి రాసేది. ఇక్కడ నేను బాగున్నాను, బావ కూడా బాగున్నాడు. అక్కడ నువ్వు, మేనకోడలు పిల్ల రజిత, అవ్వ, మీ అత్తమ్మ అందరూ బాగున్నారని తలుస్తాను. అవ్వ మోకాలి నొప్పి తగ్గిందా? దవాఖానకు పొమ్మంటే తను పోదు, ఈసారి నువ్వే చెయ్యి పట్టి తీసుకుపో. నిజాంసాగర్ కాలువ నీళ్ళు మన వైపు వచ్చాయా? యాసంగి నాట్లు మొదలుపెట్టారా? ఇక్కడ జనవరి అయినా చలి లేదు, పొద్దున్నే చెమట పోస్తుంది.

నిన్న ఫోనులో రెండు ముక్కలే చెప్పాను, రోడ్డు మూసేశారు, విమానం తప్పింది అని. మీ వాడ కిరాణం కొట్టు ఫోనులో, నలుగురూ వింటుంటే, అంతకంటే ఏం చెప్పేది? నీ పక్కన మీ అత్తమ్మ ఏడుపు నాకు వినిపిస్తూనే ఉంది. నువ్వు మాత్రం టక్కున పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం. పిట్లం బాలయ్య ఈ రోజు రైలుకే ఊరికి వస్తున్నాడు, నీ చేతికే ఇమ్మని చెప్పాను. అత్తమ్మ ముందు విప్పకు, ఒక్కదానివే కూర్చుని నిదానంగా చదువుకో. బావ బాగానే ఉన్నాడు, మళ్ళీ చెబుతున్నాను, ఫికర్ పడకు.

తప్పు నాదే, ముందు అది ఒప్పుకుంటాను. సగం మీ అత్తమ్మది కూడా ఉంది గానీ పెద్దావిడను నేనేమంటాను? శనివారం పొద్దున ఆమె ఫోను చేసింది. ఆదివారం పడమటికి పోతే వారశూలట. దుబాయి పడమరే కదా, ప్రస్థానం పెట్టనిదే కొడుకు కదలొద్దని అయ్యగారు చెప్పాడట. ముందురోజే మంచి గడియలో పెట్టెను ఇల్లు దాటించి వేరేచోట ఉంచితే ప్రయాణం మొదలైనట్టే లెక్క, ఇంక ఏ శూలా అంటదు. మన దగ్గరైతే పక్కింట్లో పెడతాం. బొంబాయిలో నాకు పక్కిల్లు ఎక్కడిది? సేటు బిల్డింగు మెట్ల కింద నాకున్నది ఒక్క గది, కాళ్ళు చాపితే తలుపు పడదు. ఆ మాటే అంటే, వాడ దాటించి పెట్టండి, పెట్టె తల పడమటికి ఉండాలి అని కోప్పడి పెట్టేసింది.

సేటు ఊళ్ళో లేడు. ఎయిర్‌పోర్టుకు కారు తీసుకుపోవడానికి, నేను ఆయనకు డ్రైవరుగా చేస్తున్న ఈ నాలుగేళ్ళలో మొదటిసారి ఒప్పుకున్నాడు. ఇగ నాకు ఎక్కడ లేని తెలివి పుట్టింది. కారే పక్కిల్లు అనుకున్నాను. శనివారం సాయంత్రం సూట్‌కేసు డిక్కీలో పెట్టి, కారును గ్యారేజీలోంచి తీసి, రెండు గల్లీల అవతల సముద్రం రోడ్డుకు ఆనుకుని ఉన్న చిన్న సందులో, ముక్కు పడమటికి, సముద్రం వైపు ఉండేలా నిలబెట్టాను. బావ టైరు ముందు కొబ్బరికాయ కొట్టాడు. ఇద్దరం చిప్ప పగలగొట్టుకుని తిన్నాం.

వాచ్‌మన్ అప్పుడే హెచ్చరించాడు. రేపు ఆ రోడ్డు మీద పెద్ద పరుగు ఉంది, బండి లోపలే పెట్టుకో అని. నేను వింటేగా. పరుగంటే మన హైస్కూలు గ్రౌండులో చూసిందే నా బుర్రలో ఉంది. సారు ఈల ఊదుతాడు, పిల్లలు ఉరుకుతారు, బీడీ కాలే లోపల అయిపోతుంది. ఇంతోటి దానికి బండి తీయాలా అని నవ్వి వచ్చేశాను. గ్యారేజీలోనే ఉంచి ఉంటే వెనక గేటులోంచి రైలుపట్టాల వైపు రోడ్డెక్కి హాయిగా పోయేవాళ్ళం. ఆ వైపు మూయనే లేదు.

విమానం పన్నెండింటికి, తొమ్మిదికల్లా అక్కడ ఉండాలి. ఆరింటికి స్నానాలు చేసి పోయేసరికి సందు మొగలో అడ్డంగా కట్టెలు కట్టేసి ఉన్నాయి. వెనక్కి తిప్పుదామంటే ఆ సందు చివర గోడ. గోడలో మనుషులు పోయే చిన్న గేటు, మేము వచ్చింది అందులోంచే. అంటే మనుషులు రావచ్చు పోవచ్చు, కారు మాత్రం కదలదు. కాసేపటికి పరుగు మొదలైంది. పదిమందీ ఇరవైమందీ కాదక్కా, జాతరే. ముసలివాళ్ళు, చీర కట్టిన ఆడవాళ్ళు, ఛాతీకి నంబర్లు, మధ్య మధ్య బ్యాండు మేళం. వీళ్ళంతా డబ్బు కట్టి మరీ ఉరుకుతున్నారని నేను చెబితే బావ నమ్మలేదు. మన ఊళ్ళో ఎవరన్నా వెంటబడితేనే ఉరుకుతారు, వీళ్ళ వెనక ఎవరూ లేరు కదా అన్నాడు.

మద్నూరు లారీల మీద క్లీనరుగా ఉన్నప్పుడు నేర్చుకున్న మరాఠీ అంతా ఆ కట్టెల దగ్గర కాపలా ఉన్న పోలీసాయన మీద ఖర్చు పెట్టాను. ఒంటిగంట దాకా కట్టె విప్పేది లేదన్నాడు. టికెట్టు చూపిస్తే పాపం ఆయనకే జాలేసింది. బండి ఇక్కడే వదిలెయ్యి, పెట్టె మోసుకుని ఆ చిన్న గేటులోంచి పోతే పావుగంటలో స్టేషను, లోకల్ రైలుకు పోయి దిగి ఆటో ఎక్కండి, కావలసినంత టైం ఉంది అని దారి కూడా చెప్పాడు. అప్పటికి ఏడే అయింది. నేను సంబరంగా కారు దగ్గరికి ఉరికి డిక్కీ తెరిచాను.

బావ వచ్చి డిక్కీ మూసి దాని మీద కూర్చున్నాడు. పెట్టె దింపితే ప్రస్థానం చెడుతుందట. సరే, శాస్త్రం కదా అని బీడీ ముట్టించాను. ఏడున్నరకు అడిగితే లోకల్ రైలు రద్దీలో పెట్టె పోతుందన్నాడు. ఎనిమిదికి అడిగితే నడుము పట్టేసిందన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నా నోరు సంగతి నీకు తెలుసు కదా, బావని కూడా చూడకుండా అన్నీ అన్నాను. ఈ వీసా కోసం నేను ఏజెంటు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను, మూడేళ్ళు దుబాయిలో హాయిగా ఉండి వచ్చినవాడికి మళ్ళీ పోవడానికి ఏం రోగం అని అరిచాను. చెయ్యి పట్టి కిందికి లాగాను. ఆయన దిగలేదు.

"హాయిగ ఉన్ననని నీకెవలు చెప్పిన్రు సాయిలూ?" అన్నాడు.

"నువ్వే రాసినవ్ గద బావా, ఉత్తరాలల్ల."

"ఉత్తరాలల్ల ఇంకేం రాస్తరు?"

అక్కా, ఆ మూడేళ్ళూ బావ చేసింది ఒక పెద్దింట్లో తోటపని. ఆ ఇంటాయన కొట్టలేదట, తిట్టలేదట, తిండికీ తక్కువ చెయ్యలేదట. కానీ గేటుకు బయటి నుంచి తాళం. పాస్‌పోర్టు ఆయన బీరువాలో. మూడేళ్ళలో ఆ గేటు దాటింది నాలుగుసార్లు, అందులో ఒకసారి దవాఖానకు. ఇంట్లోవాళ్ళు నెలల తరబడి వేరే దేశం పోతే మాట్లాడే మనిషి లేక చెట్లతో మాట్లాడేవాడట. ఒక చిన్న ఖర్జూరపు మొక్కకు రజిత అని పేరు పెట్టుకున్నాడట. నీకు మాత్రం నెలనెలా ఏసీ గది, శుక్రవారం సెలవు అని రాశాడు. ఇదంతా ఏడవకుండా, రోడ్డు వైపు చూస్తూ, వేరే ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పాడు. ఏడ్చింది నేను.

మరి పోనని ముందే ఎందుకు అనలేదని అడిగాను.

"గంగామణి పొమ్మన్నది. పోనని ఆమె ముంగట అనే నోరు నాకు లేదు. గీ సందుల ఇరుక్కున్న కాడికెల్లి నా పాణం నిమ్మలంగున్నదిరా. ఎటూ పోరాదు గద."

నేను నిన్ను తప్పు పట్టడం లేదక్కా. నీకేం తెలుసు? నాకేం తెలుసు? ఏసీ గది అని రాస్తే ఏసీ గదే అనుకున్నాం. నువ్వు ఇల్లు గట్టిగా కట్టుకోవాలనుకున్నావు, అందులో పాపం ఏముంది?

నీకు చెప్పనని నాతో ఒట్టు పెట్టించుకున్నాడు. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి ఇది రాస్తున్నాను. పాపమో పుణ్యమో నాకే తగలనీ.

తొమ్మిది కొట్టింది. నేను ఇంక పెట్టె మాట ఎత్తలేదు. ఆయన డిక్కీ దిగి వెనక సీట్లో కూర్చుని, మన మడికి నీళ్ళు అందాయో లేదో, నారు ముదిరిపోతుందేమో అని నన్ను అడిగాడు. బొంబాయిలో ఉండే నాకేం తెలుస్తుంది? అడుగుతూ అడుగుతూనే నిద్రపోయాడు. అక్కా, నా గదికి వచ్చిన పది రోజుల్లో ఆయన కన్ను మూయగా నేను చూడలేదు. బయట డప్పులు, ఈలలు, చప్పట్లు. అంత గోలలో, అంత ఎండలో, నోరు తెరిచి ఒంటిగంట దాకా పడుకున్నాడు. పోలీసాయన కట్టెలు విప్పి హారన్ కొట్టమని సైగ చేశాడు. నేనే కొట్టలేదు, బండి చిన్నగా తీశాను.

ఇంకో విషయం. పొద్దున ఏజెంటు చెడామడా తిట్టి, చివరికి ఈ శనివారం విమానానికి ఇంకో టికెట్టు ఉందన్నాడు. బావ పాస్‌పోర్టు తెచ్చి నా చేతిలో పెట్టి, మీ అక్క ఎట్లంటే అట్ల అన్నాడు. ఇప్పుడు అది నా చొక్కా జేబులో ఉంది. తీసి చూడబుద్ధి కావడం లేదు.

అవ్వకు నా దండాలు. మీ అత్తమ్మకు కూడా దండాలు, తప్పంతా సాయిలుదే, బండి తప్పుచోట పెట్టాడు అని చెప్పు, నన్ను ఎన్ని తిట్లు తిట్టినా సరే, అసలు సంగతి మాత్రం చెప్పకు. రజితకు బాలయ్య చేతిలో గాజులు పంపాను. వీలైతే ఎవరితోనైనా చింతకాయ తొక్కు పంపు, ఇక్కడి తిండికి నాలుక చచ్చిపోయింది. నా ఆరోగ్యం బాగానే ఉంది.

గురువారం సాయంత్రం గ్యారేజీ ఫోను దగ్గర కూర్చుంటాను, బావ పక్కనే ఉంటాడు. నువ్వు రమ్మంటే అప్పటికప్పుడు రైలెక్కుతాడు. పొమ్మంటే మాట తిరగెయ్యడు, శనివారం నేనే తీసుకుపోయి దింపుతాను. ఆ రోజు రోడ్లన్నీ తెరిచే ఉంటాయి.

నీ మాట కోసం చూసే తమ్ముడు,
సాయిలు